పేదల పోషకాహారానికి బూజు బెడద

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మెట్ట ప్రాంతాల్లో వేరుశనగ ప్రధాన పంటే కాదు, పేదల బలవర్ధకాహారం కూడా. గింజల్లో నూటికి 25 పాళ్ల వరకు, నూనె తీసిన చెక్కలో 45 పాళ్ల వరకు మాంసకృత్తులుంటాయి. అందుకే మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ 1950వ దశకంలో మూడు పాళ్లు వేరుశనగ పిండి, ఒక పాలు వేయించిన శనగపిండి కలిపి, విటమిన్లు చేర్చి చవక ఆహారాన్ని రూపొందించింది.

అయితే 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. దాణాలో కలిపిన బూజు పట్టిన వేరుశనగ చెక్కే కారణమని తేలింది. ఆ బూజు నుంచి పుట్టే విషమే అఫ్లటాక్సిన్. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కాన్సర్‌కూ దారితీస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది మరణించారు.

వేయించినా, ఉడికించినా ఈ విషం పూర్తిగా పోదు. పిండి చేశాక కంటికి కనబడదు. నూనె ఆడించినప్పుడు చాలావరకు చెక్కలోనే మిగిలిపోతుంది. కాబట్టి జాగ్రత్త కళ్లంలోనే మొదలు కావాలి. కాయ ఊరే రోజుల్లో వాన ముఖం చాటేసిన ఏడు బూజు ముప్పు ఎక్కువ. కాయలు ఆడిస్తే గలగలమనేవరకు ఎండబెట్టాలి. ఒలిచే ముందు నీళ్లు చల్లరాదు. రంగు మారిన, ముడతలు పడిన గింజలను ఏరి పారవేయాలి. పాడి పశువులకూ పెట్టరాదు, విషం పాలలోకి దిగుతుంది.

ఏరివేత గింజలు సగం ధరకు వస్తాయని పిండికి వాడడం ప్రమాదకరం. పొట్లం పిండి కొనేవారు 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు, గడువు తేదీ చూసుకోవాలి. మంచి గింజలు ఏరి, ఇంట్లో వేయించి దంచుకుంటే ఖర్చూ తక్కువే, భయమూ తక్కువే.