సున్నా కోసం పాకులాడితే పగడం పోయింది: రీఫ్ ట్యాంక్‌లో నాచు సంగతి

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది ఇంట్లో పెట్టుకునే రీఫ్ ట్యాంక్‌లో నాచు గురించి. రీఫ్ ట్యాంక్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: ఉప్పునీళ్లు, రాళ్లు, ఆ రాళ్ల మీద ప్రాణంతో ఉన్న పగడాలు, కొన్ని చేపలు. మామూలు గోల్డ్ ఫిష్ తొట్టి కాదు. నేను అమెరికాలో, డాలస్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. నాది 40 గ్యాలన్ల ట్యాంక్, అంటే దాదాపు 150 లీటర్లు. పెట్టి మూడేళ్లయింది. అందులో మొదటి ఏడాది మొత్తం నాచుతో కొట్లాటే. గెలిచేశాను అనుకున్న రోజునే నాకు అసలు నష్టం మొదలైంది. అదెలాగో చెప్తాను, దాంతోపాటు ఏ నాచుని ఎలా గుర్తుపట్టాలి, ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నది కూడా చెప్తాను.

ఆరో నెలలో అమ్మకి వీడియో కాల్‌లో ట్యాంక్ చూపించాను. రాళ్ల మీద రెండంగుళాల పొడవు పచ్చటి జుట్టు ఊగుతోంది. అమ్మ కాసేపు చూసి, "ఏంట్రా నానా, ఇన్ని డాలర్లు పోసి గడ్డి పెంచుతున్నావా?" అంది. నవ్వేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ గడ్డి నా పగడాల మీదకి కూడా పాకుతోంది. పగడం కదలలేదు, పారిపోలేదు. నాచు దాని మీద నీడ పడేలా పెరిగిందంటే అది ఆకలితో చస్తుంది.

ముందు గుర్తుపట్టడం నేర్చుకుందాం. చాలామంది చేసే మొదటి తప్పు ఇక్కడే. పాచి కనపడగానే పేరు కూడా తెలుసుకోకుండా మందు కొనేస్తారు.

కొత్త ట్యాంక్‌లో మొదటి కొన్ని వారాల్లో ఇసుక మీద, గాజు మీద గోధుమ రంగు పొడిలా వస్తుంది. అవి డయాటమ్స్. నీళ్లల్లో ఉన్న సిలికేట్ తిని బతుకుతాయి, అది అయిపోగానే చాలావరకు వాటంతట అవే పోతాయి. కంగారు పడొద్దు. పచ్చగా దారాల్లా, జుట్టులా రాయిని పట్టుకుని పెరిగేది హెయిర్ ఆల్గే. పచ్చటి గాజు గోళీల్లా ఉండేది బబుల్ ఆల్గే, దాన్ని ట్యాంక్ లోపల పగలగొట్టకుండా మొదలుతో సహా బయటికి తియ్యాలి. ఎర్రగా లేదా ముదురు ఊదాగా దుప్పటిలా పరుచుకుని, వేలితో లాగితే పొరలా ఊడొచ్చేది సయానో. నిజానికి అది నాచు కాదు, బ్యాక్టీరియా. నీళ్లు సరిగా కదలని మూలల్లో, అడుగున మురికి పేరుకున్న చోట ఎక్కువ వస్తుంది. ఇక గోధుమ రంగులో చీమిడిలా తీగలు సాగుతూ, వాటి కొసల్లో గాలి బుడగలు ఉండి, రాత్రి తగ్గి పగలు మళ్లీ వచ్చేవి డైనోఫ్లాజెలేట్స్. మనం పొట్టిగా డైనోలు అందాం. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కథలో విలన్ ఇదే. గులాబీ, ఊదా రంగుల్లో రాయికి సున్నం పూసినట్టు గట్టిగా అంటుకునేది కోరలైన్ ఆల్గే. అది మంచిది, గాజు మీద నుంచి గీకండి గానీ రాయి మీద నుంచి మాత్రం గీకకండి.

సరే, నా హెయిర్ ఆల్గే దగ్గరికి వద్దాం. అమ్మ ఫోన్ పెట్టేసే ముందు నాన్న ఫోన్ తీసుకున్నారు. మాది భీమవరం వైపు. నాన్నకి రొయ్యల చెరువులు. నాలాగా యాప్‌లో గ్రాఫులు చూడరు, గట్టు మీద నిలబడి నీటి రంగు చూసి చెప్పేస్తారు. ఆయన ఒకటే అడిగారు: "చేపలు ఎన్నిరా?" నాలుగు అన్నాను. "మేత ఎన్నిసార్లు?" మూడుసార్లు అన్నాను. "మిగిలింది ఎవరు తింటున్నారు?" నా దగ్గర సమాధానం లేదు. "చెక్ ట్రే చూడకుండా మేత వేసేవాడు నాచుకే వేస్తాడు రా" అన్నారు.

రొయ్యల చెరువు తెలిసినవాళ్లకి ఇది అర్థమైపోయి ఉంటుంది. చెరువులో మేత వేసినప్పుడు కొంచెం మేత ట్రేలో పెట్టి దింపుతారు. గంటన్నర, రెండు గంటలకి పైకి తీసి చూస్తారు. మిగిలి ఉంటే తర్వాతి పూట తగ్గిస్తారు. లేకపోతే ఆ మిగిలింది అడుగున కుళ్లి చెరువు పాడవుతుంది. నా ట్యాంక్‌లో జరుగుతున్నది అదే. మిగిలిన మేత, చేపల రెట్ట కుళ్లి నైట్రేట్, ఫాస్ఫేట్ అవుతాయి. ఈ రెండూ, పైన లైటు ఉంటే నాచుకి ఇంక కావాల్సింది లేదు. పొలానికి ఎరువు వేసినట్టే.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. నేను వాడే ఆర్వో ఫిల్టర్‌లో చివరి గొట్టంలో ఉండే రెజిన్ అయిపోయింది. టీడీఎస్ మీటర్ పెడితే 0 రావాల్సింది 14 వచ్చింది. అంటే ఆవిరైన నీళ్ల బదులు పోసే ప్రతి చెంబుతోనూ కొంచెం కొంచెం ఎరువు నేనే కలుపుతున్నా.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా వినండి. ట్యాంక్ నిండా హెయిర్ ఆల్గే ఉన్నప్పుడు టెస్ట్ కిట్‌లో ఫాస్ఫేట్ సున్నా చూపించవచ్చు. అంటే ఫాస్ఫేట్ లేదని కాదు. వచ్చింది వచ్చినట్టు నాచు తాగేస్తోందని అర్థం. దానికితోడు సున్నపు రాయి ఫాస్ఫేట్‌ని పీల్చుకుని దాచుకుంటుంది, నీళ్లల్లో తగ్గగానే మెల్లగా వదులుతుంది. అందుకే ఒక్క రోజు టెస్ట్ చూసి ఏదీ నిర్ణయించొద్దు. వారాల తరబడి రాసుకోవాలి, ఎటు పోతోందో చూడాలి.

నాన్న చెప్పినట్టు మేత తగ్గించి, రెజిన్ మార్చి, చేత్తో నాచు పీకి, ఒక రెండు నెలలు ఓపిక పట్టి ఉంటే కథ ఇక్కడే సుఖాంతం అయ్యేది. నేను ఓపిక పట్టలేదు. మేత రోజు విడిచి రోజు చేశాను. ఫాస్ఫేట్ లాగేసే ఐరన్ ఆక్సైడ్ గుళికలు ఉంటాయి, జీఎఫ్ఓ అంటారు, అవి చెప్పిన మోతాదుకి రెట్టింపు వేశాను. వారానికి రెండుసార్లు నీళ్లు మార్చాను. మూడు రోజులు లైటు ఆపేశాను. నెల తిరక్కుండా హెయిర్ ఆల్గే మాయం. నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0. రాళ్లు తెల్లగా మెరిసిపోతున్నాయి. ఫోటో తీసి నాన్నకి పంపాను. "మరీ తెల్లగా ఉన్నాయేంట్రా?" అని ఒక్క మెసేజ్ పెట్టారు. రంగు లేని నీళ్లంటే చెరువు రైతుకి భయం. నాకు అప్పుడు అర్థం కాలేదు.

పది రోజులకి ఇసుక మీద గోధుమ రంగు చీమిడి. డయాటమ్స్ అనుకున్నా. పొద్దున లైటు వెలిగేసరికి తక్కువ, సాయంత్రానికి తీగలు తీగలుగా బుడగలతో నిండిపోయేది. తర్వాత నత్తలు చావడం మొదలైంది. పదకొండు నత్తలు. డైనోల్లో కొన్ని రకాలకి విషం ఉంటుంది, వాటిని తిన్న నత్త బతకదు. ఆ నెలాఖరుకి నా టార్చ్ కోరల్ పోయింది. నా మొట్టమొదటి జీతంలోంచి కొన్న పగడం అది. ముందు ముడుచుకుపోయింది, తర్వాత రంగు పోయింది, ఒక రోజు పొద్దున చూస్తే కండ ఊడిపోయి తెల్లటి ఎముక ఒక్కటే మిగిలింది.

ఎందుకు ఇలా? పగడం ఒక జంతువు. కానీ దాని ఒంట్లో సూక్ష్మమైన నాచు కాపురం ఉంటుంది, జూక్సాంథెల్లే అంటారు. అది లైటు తీసుకుని ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది. పగడానికి ఉండే గోధుమ రంగు చాలావరకు దానిదే. ఆ లోపలి నాచుకీ నైట్రేట్, ఫాస్ఫేట్ కొంచెం కావాలి. నేను బయట నాచుని మాడుద్దామని మొత్తం సున్నా చేస్తే లోపలిది కూడా మాడింది. మరోవైపు రాళ్ల మీద ఉన్న మామూలు నాచు, మంచి బ్యాక్టీరియా కూడా తగ్గిపోయి చోటు ఖాళీ అయింది. డైనోల్లో చాలా రకాలు వెలుతురుతోనూ బతకగలవు, బ్యాక్టీరియాని తినీ బతకగలవు. అందరూ పస్తులున్న చోట అవి మాత్రం పండగ చేసుకున్నాయి. ఇంకో విచిత్రం, పగడం ఒంట్లో కాపురం ఉండే ఆ జూక్సాంథెల్లే కూడా డైనోఫ్లాజెలేటే. అన్నం పెట్టేదీ, ప్రాణం తీసిందీ ఒకే వంశం.

డైనోలని ఖాయం చేసుకోవడానికి ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి ఉంది. కొంచెం చీమిడి ట్యాంక్ నీళ్లతో పాటు సీసాలోకి తీసుకుని బాగా కుదపండి. కాఫీ ఫిల్టర్ కాగితంతో వడకట్టి, ఆ నీళ్లని లైటు కింద గంట సేపు పెట్టండి. మళ్లీ ముద్దగా, తీగలుగా కూడుకుంటే డైనోలు అయ్యే అవకాశం ఎక్కువ. చవక మైక్రోస్కోప్ ఉంటే ఇంకా మంచిది.

నేను ఏం చేశానంటే, జీఎఫ్ఓ తీసేశాను. నీళ్లు మార్చడం ఆపేశాను. సోడియం నైట్రేట్ ద్రావణం, ఫాస్ఫేట్ ద్రావణం రోజూ కొలిచి వేసి నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్యకి తెచ్చాను. ట్యాంక్‌కి యూవీ లైటు తగిలించాను. కొన్ని డైనోలు రాత్రి ఇసుక వదిలి నీళ్లల్లోకి లేస్తాయి, అప్పుడు యూవీ వాటిని పట్టుకుంటుంది. ఇసుకని వదలని రకం మీద ఇది పెద్దగా పనిచెయ్యదు, అందుకే ముందు ఏ రకమో చూసుకోవాలి. విషం పీల్చడానికి యాక్టివేటెడ్ కార్బన్ పెట్టాను. రోజూ సాయంత్రం గొట్టంతో చీమిడి లాగి, సన్నటి సంచిలో వడకట్టి, నీళ్లు తిరిగి ట్యాంక్‌లోనే పోశాను. ఏడు వారాలు పట్టింది. మధ్యలో రాళ్ల మీద కొంచెం పచ్చటి పాచి తిరిగొచ్చింది. నమ్మండి, దాన్ని చూసి సంతోషపడ్డాను.

ఇప్పుడు నా పద్ధతి చెప్తాను, రాసుకోండి. మేత రోజుకి ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. గడ్డకట్టిన మేత అయితే కరిగించి, ఆ రసం పారబోసి వేస్తాను. వారానికి 15 లీటర్లు, అంటే పదో వంతు నీళ్లు మారుస్తాను. ఉప్పు 1.025, టీడీఎస్ 0. లైటు రోజుకి తొమ్మిది గంటలు. కింద సంప్‌లో కీటో అనే నాచు ముద్ద పెంచుతాను, దానికి రాత్రిపూట లైటు. అది పెరుగుతూ నైట్రేట్, ఫాస్ఫేట్ తాగుతుంది, రెండు వారాలకోసారి సగం కోసి పారేస్తాను. నాచుని నాచుతోనే తీస్తున్నామన్నమాట. పైన ట్రోకస్ నత్తలు ఉన్నాయి, వెల్లకిలా పడినా లేచి నిలబడగలవు. ఒకేసారి యాభై నత్తలు కొనకండి, పాచి అయిపోయాక ఆకలితో చస్తే ఆ కుళ్లు మళ్లీ నాచుకే ఎరువు. నాచు తింటుంది కదా అని చిన్న ట్యాంక్‌లో టాంగ్ చేపని వెయ్యకండి. దానికి ఈదడానికి చోటు కావాలి.

కోసిన నాచుని చెత్తబుట్టలోనే వెయ్యాలి, కాలవలో, సముద్రంలో కాదు. అక్వేరియంలలో పెంచిన కాలెర్పా అనే నాచు 1984లో మొనాకో తీరంలో కనిపించి, మధ్యధరా సముద్రంలో మైళ్ల కొద్దీ పాకింది. 2000లో కాలిఫోర్నియాలో కూడా కనపడితే, పూర్తిగా తుడిచిపెట్టామని ప్రకటించడానికి 2006 దాకా పట్టింది.

ఇది తొట్టి గోల మాత్రమే కాదు. 1983లో కరీబియన్ సముద్రంలో డయాడెమా అనే నల్ల సముద్రపు ముళ్లజీవికి జబ్బు వచ్చి, నూటికి తొంభైకి పైగా చచ్చిపోయాయి. రీఫ్ మీద నాచు మేసేది అదే. జమైకాలో నాచు తినే చేపల్ని అప్పటికే జనం ఎడాపెడా పట్టేశారు. తుఫాను దెబ్బ ఒకటి. మేసేవాళ్లు లేక నాచు పగడాలని కప్పేసింది. సగానికి పైగా పగడంతో ఉన్న రీఫ్‌లో, తొంభైల మొదటికల్లా అయిదు శాతం కూడా మిగల్లేదు. నా 150 లీటర్లలో జరిగింది ఒక సముద్రానికే జరిగింది. అక్కడ నీళ్లు మార్చేవాడు లేడు.

ఇండియాలో చూస్తున్నవాళ్లకి ఒక హెచ్చరిక. అక్కడ రాతి పగడాలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. సముద్రంలోంచి తియ్యడం, అమ్మడం, కొనడం నేరం. ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా ముట్టుకోవద్దు. చేపలు, రాళ్లతో ఉప్పునీటి ట్యాంక్ పెట్టుకున్నా ఈ మేత లెక్క, ఈ నాచు లెక్క అంతా అదే.

మొన్న మళ్లీ నాన్నకి ట్యాంక్ చూపించాను. గాజు మూలలో కొంచెం పాచి ఉంది. గీకలేదని తిడతారేమో అనుకున్నా. కాసేపు చూసి, "ఇప్పుడు నీళ్లల్లో ప్రాణం ఉందిరా" అన్నారు. ఆ తెల్లటి టార్చ్ ఎముకని నేను పారెయ్యలేదు. టెస్ట్ కిట్ పక్కనే పెట్టుకున్నాను. ఏదైనా మందు సీసా మూత తీసే ముందు దాన్ని ఒకసారి చూస్తాను. వచ్చే ఎపిసోడ్‌లో ఆల్కలినిటీ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను.