గర్భసంచి ఆపరేషను తరువాత పొలము పని: ఎప్పుడు, ఎంత, ఎట్లు?

వరినాట్లు, కలుపు తీత, పత్తి ఏరుట, మిరప కోత, పశువుల సేవ మన పల్లెలలో చాలవరకు స్త్రీల చేతుల మీదుగానే జరుగుచున్నవి. ఇట్లు పని చేయు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు మన ప్రాంతమున తక్కువ మంది కారు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో ఈ ఆపరేషను అయినవారు దేశము మొత్తము మీద నూటికి ముగ్గురు మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 9 మంది, తెలంగాణలో సుమారు 8 మంది. అనగా, నాట్లకు పోవు పన్నెండు మంది ముఠాలో ఒకరికి ఈ ఆపరేషను అయియుండుట వింత గాదు. కావున ఆపరేషను తరువాత ఆమె ఎన్నడు పనిలో దిగవలెనను విషయము ఆస్పత్రికి సంబంధించినది మాత్రమే కాదు, ప్రతి సేద్యపు కుటుంబము తెలిసికొనవలసినది.

పైకి మానినంత మాత్రమున లోపల మానదు

కొత్తగా వేసిన గట్టు రెండు మూడు ఎండలకే పైకి ఆరినట్లు కనుపించును. లోపల మట్టి మాత్రము పచ్చిగానే యుండును. అది చూడక నిండుగా నీరు పెట్టినచో గండి పడును. ఆపరేషను గాయము కూడ ఇట్టిదే. చర్మముపై కుట్లు వారము, పది దినములలో తీసివేయుదురు. కాని పొట్టను బిగించి పట్టియుంచు లోపలి గట్టి పొర అతుకుకొనుటకు చాల కాలము పట్టును. మూడు నెలలు గడచినను ఆ చోటికి పూర్వపు బలములో నూటికి 80 పాళ్ళకు మించి రాదు. గర్భసంచి తీసిన చోట యోని పైభాగమును మూసి వేసిన కుట్లు కూడ లోపలనే యుండును గనుక అవి ఎవరికిని కనుపించవు.

కొందరికి పొట్ట కోసి, కొందరికి క్రింది మార్గమున, కొందరికి చిన్న రంధ్రముల ద్వారా దూరదర్శిని గొట్టముతో ఈ ఆపరేషను చేయుదురు. తరువాతి రెండు విధములలో పైగాయము చిన్నది, నొప్పి తక్కువ, కోలుకొనుట త్వరగా జరుగును. అయినను లోపలి కుట్లు అందరికిని ఉన్నవే. పైన గీత చిన్నదని బరువులకు తొందరపడరాదు.

మన ఊళ్ళలో మరియొక పొరపాటు కలదు. పిల్లలు పుట్టకుండ చేసికొను ఆపరేషను అయినవారు సుమారు రెండు వారములలో పనికి పోవుచున్నారు గదా, దీనికి మాత్రము నెలలెందుకని ఇంటివారు ప్రశ్నింతురు. ఆ రెండును ఒకటి గావు. అందులో సన్నని నాళములను మాత్రమే కట్టివేయుదురు. ఇందులో ఒక అవయవమునే తొలగింతురు.

ప్రభుత్వోద్యోగినికి 45 రోజులు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2011లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారము, గర్భసంచి ఆపరేషను చేయించుకొన్న మహిళా ఉద్యోగికి వైద్యుని సిఫారసుపై 45 రోజుల ప్రత్యేక సెలవు మంజూరు చేయు ఏర్పాటు వచ్చినది. కుర్చీలో కూర్చుండి వ్రాతపని చేయు ఉద్యోగినికే నెలన్నర విశ్రాంతి అవసరమని ప్రభుత్వము గుర్తించినపుడు, మోకాలి లోతు బురదలో నడుము వంచి దినమెల్ల నాటు వేయు స్త్రీకి అంతకంటె తక్కువ చాలునా? ఆమెకు సెలవు మంజూరు చేయు అధికారి లేడు. ఆ అధికారము ఇంటి యజమాని చేతిలోను, అత్తమామల చేతిలోను, ముఠా మేస్త్రి చేతిలోను ఉన్నది. ఈ 45 రోజులను కనీసపు హద్దుగా పెట్టుకొని, బరువు పనులకు మూడు నెలల గడువు ఇచ్చుట న్యాయము.

బరువు లెక్క

ఆపరేషను అయిన ఆరు వారముల వరకు నాలుగైదు కిలోలకు మించి ఎత్తరాదని వైద్యులు చెప్పుదురు. "బరువులు ఎత్తవద్దు" అన్న మాట విని, బియ్యపు బస్తా ఎత్తరాదని మాత్రమే మనవారు అనుకొందురు. దినమును ఎత్తు వస్తువుల బరువు ఒకసారి లెక్కించి చూడుడు.

లీటరు నీరు కిలో తూగును. పన్నెండు లీటర్లు పట్టు బిందెలో నీటి బరువే 12 కిలోలు, బిందె బరువు వేరు. పదహారు లీటర్ల మందు పంపు నిండినపుడు 16 కిలోలకు పైబడును. యూరియా బస్తా 45 కిలోలు. రెండు మూడేండ్ల బిడ్డ పది కిలోలకు తక్కువ యుండదు. పేడ తట్ట, పచ్చగడ్డి మోపు, నారు కట్టల గంప, మట్టి తట్ట సంగతి చెప్పనక్కరలేదు. బరువును లాగుట, నెట్టుట, చేదబావి తోడుట, చేతిపంపు కొట్టుట కూడ ఎత్తుటతో సమానమే. వీటన్నిటిలోను ఒత్తిడి పొట్టపైననే పడును.

ఏ వారమున ఏ పని?

క్రింది క్రమము సాధారణముగా పనికి వచ్చునది. ఆపరేషను చేసిన వైద్యులు వేరుగా చెప్పినచో వారి మాటనే పాటింపవలెను.

1, 2 వారములు: తన పని తాను చేసికొనుట చాలును. అట్లని మంచము దిగకుండ పడియుండరాదు. కదలక పడుకొన్నచో కాళ్ళ నరములలో నెత్తురు గడ్డకట్టు ప్రమాదము కలదు. దినమునకు నాలుగైదు మారులు ఇంటిలోను, వాకిటిలోను మెల్లగా నడువవలెను. లేచునపుడు ప్రక్కకు ఒత్తిగిలి, చేతిని ఊతగా చేసికొని లేవవలెను. దగ్గు వచ్చునపుడు పొట్టకు దిండు అదిమి పట్టుకొనవలెను.

3, 4 వారములు: స్టూలు మీదనో మంచము మీదనో కూర్చుండి ఆకుకూర వలచుట, పప్పు ఏరుట, విత్తనములలో తాలు ఏరుట, కూలీల లెక్క వ్రాయుట చేయవచ్చును. గొంతుకూర్చుండి చేయు పని వద్దు.

5, 6 వారములు: వంట చేయవచ్చును, అన్నపు గిన్నె దింపుట మరియొకరు చూడవలెను. మిరపకాయల తొడిమలు తీయుట, వేరుశనగ వలచుట వంటి కూర్చుండు పనులు పూటకు గంట, రెండు గంటలు చేయవచ్చును. నీళ్ళు మోయుట, బట్టలు ఉతికి పిండుట, కసవు ఊడ్చుట ఇంకను వద్దు.

ఆరు వారములు నిండగానే తప్పక వైద్యుల వద్దకు పోయి లోపలి కుట్లు పరీక్ష చేయించుకొనవలెను. బాగుగా తిరుగుచున్నాము గదా అని ఈ పరీక్షను చాలమంది మానివేయుదురు. భార్యాభర్తల కలయిక కూడ ఈ పరీక్ష అయి, వైద్యులు అనుమతించిన పిమ్మటనే.

7, 8 వారములు: వైద్యులు సరే అన్నచో ఒకపూట పని. నిలుచుండి పత్తి ఏరుట, కూరగాయలు కోయుట మేలు. ఒడి నిండువరకు ఆగక, మాటిమాటికి ఖాళీ చేయవలెను.

9 మొదలు 12 వారములు: కలుపు తీత ఒకపూట, నడుమ విశ్రాంతితో. పాలు పితుకుట చేయవచ్చును. పేడ ఎత్తుట వద్దు.

మూడు నెలల తరువాత: నాట్లు, కోతలు, మోపులు. వీటిని కూడ తొలినాటి నుండియే పూర్తిగా గాక, సగము బరువుతో మొదలిడి క్రమముగా పెంచవలెను. ఉపాధి పనులకు పోవువారు పలుగు, పార, మట్టి తట్ట జోలికి పోక, అంతవరకు త్రాగునీరు అందించుట వంటి తేలిక పని ఇమ్మని అడుగవలెను.

పథ్యము పేరిట పస్తు వద్దు

పప్పు తిన్నచో చీము పట్టుననియు, నీరు ఎక్కువ త్రాగిన పుండు మానదనియు పెద్దలు కొందరు చెప్పుదురు. ఇది సరిగాదు. పుండు మానుటకు మాంసకృత్తులు కావలెను. పప్పు, గ్రుడ్డు, పాలు, పెరుగు, చేప వాటిని ఇచ్చును. నీరు, ఆకుకూరలు, పండ్లు తగ్గినచో మలబద్ధకము కలుగును. ముక్కుట వలన లోపలి కుట్లపై ఒత్తిడి పడును. ఆపరేషనుకు ముందు ఎక్కువ రక్తస్రావము జరిగినవారికి రక్తము తక్కువగా నుండును గనుక వైద్యులు ఇచ్చిన ఇనుము మాత్రలు మానకుండ వేసికొనవలెను.

అండాశయములను కూడ తీసివేసిరా, ఉంచిరా అని వైద్యులను అడిగి కాగితముపై వ్రాయించుకొనుడు. రెండును తీసివేసినచో చిన్న వయస్సుననే ముట్లుడిగిన లక్షణములు కనుపించును: ఒంటిలో ఆవిరులు, చెమటలు, నిద్ర పట్టకుండుట. కాలక్రమమున ఎముకల బలము తగ్గును. అట్టివారికి వైద్య సలహాతో పాటు పాలు, రాగి, నువ్వులు నిత్యము అవసరము.

ఆలస్యము చేయరాని లక్షణములు

కొన్ని వారముల వరకు కొద్దిపాటి గోధుమరంగు స్రావము సహజము. ఈ క్రిందివి మాత్రము సహజము గావు: ఎర్రని నెత్తురు ఎక్కువగా పోవుట; దుర్వాసన గల స్రావము; జ్వరము; గాయము విచ్చుకొనుట లేక చీము; పొట్టలో ఆగని నొప్పి; మూత్రము మంట లేక తెలియకుండ కారుట; ఒక పిక్క వాచి నొప్పి పెట్టుట; ఆయాసము, రొమ్ము నొప్పి. వీటిలో ఏది కనుపించినను తెల్లవారువరకు ఆగక 108కు ఫోను చేసి ఆస్పత్రికి పోవలెను.

ముందుగా ఆలోచింపవలసినది

ఆపరేషను అత్యవసరము గానిచో, పంటల మధ్య తీరిక కాలమున చేయించుకొనుట మేలు. వానకాలపు సేద్యమే గలవారు కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట, ఫిబ్రవరి, మార్చి నెలలలో చేయించుకొన్నచో తొలకరి నాటికి మూడు నెలలు నిండును. కాన్సరు అనుమానము గాని, ఆగని రక్తస్రావము గాని ఉన్నచో పంట కొరకు ఒక్క దినమైన ఆగరాదు.

ఆపరేషను నిజముగా అవసరమా అని మరియొక వైద్యుని, వీలైనచో ప్రభుత్వాస్పత్రి స్త్రీ వైద్యురాలిని అడిగి తెలిసికొనవలెను. తెల్లబట్ట, నడుము నొప్పి, ఎక్కువ ముట్టు వంటివి అనేక సందర్భములలో మందులతోనే కుదురును. అనవసరముగా గర్భసంచి తీయుటను అరికట్టుటకు కేంద్ర ప్రభుత్వము 2022లో మార్గదర్శకములు వెలువరించినది. వాటిని అమలు జరుపవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది.

కూలి పోవుట, వడ్డీ పెరుగుట అనెడి భయమే చాలమందిని తొందరగా పొలమునకు తరుముచున్నది. కావున ఆస్పత్రి ఖర్చుతో పాటు మూడు నెలల కూలి నష్టమును కూడ ముందే లెక్కకట్టవలెను. పొదుపు సంఘములో అప్పు తీసికొన్నవారు వాయిదాకు గడువు అడుగవచ్చును. బదులు పనుల వాడుక గల ఊళ్ళలో, ఈ ఏడు ఆమె వంతు తోటివారు చేసినచో, వచ్చే ఏడు ఆమె తీర్చుకొనును. గ్రామాధికారులును, ఆశా కార్యకర్తలును ఊరిలో ఇట్టివారు ఎవరున్నారో తెలిసికొని, ఆరవ వారపు పరీక్షకు పోవునట్లు చూచినచో గొప్ప మేలు చేసినవారగుదురు.

సోదరులారా, తొందరపడి పనిలో దించినచో మిగులు కూలి కొద్ది దినములది. లోపలి పొర విచ్చి పొట్టలో గిలక దిగినచో మరల ఆపరేషను, మరల అప్పు, మరల నెలల విశ్రాంతి తప్పవు. బిందె మీరు ఎత్తుడు, పేడ తట్ట కొడుకు చేత ఎత్తింపుడు. మూడు నెలలు ఓర్చినచో ఆమె పూర్వపు బలముతో మరల పొలములో దిగగలదు.