పైదారి, కిందిదారి: టోలు వంతెనను చదవడం ఎలా?

రెండేళ్ల కిందట మా ఊరి సాహితీ సమావేశంలో ఒక యువకథకుడు తన కొత్త కథ చదివాడు. ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడే. హిందూపురం ప్రాంతపు చాలామంది పిల్లల్లాగే బతుకుతెరువుకు బెంగుళూరు వెళ్లి ఎలక్ట్రానిక్ సిటీలో చిన్న ఉద్యోగం చేసుకుంటున్నాడు. అతని కథలో హోసూరు రోడ్డు మీది ఎత్తైన వంతెన ఒక కొండచిలువ. పగలంతా మనుషుల్ని మింగుతుంది, రాత్రికి కక్కుతుంది. నేను లేచి ప్రతీక చక్కగా కుదిరిందని మెచ్చుకున్నాను. సభ చప్పట్లు కొట్టింది.

అందరూ వెళ్లిపోయాక వెనక బల్ల మీద కూర్చున్న ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. మా బడిలో చదివే పిల్లవాడి తండ్రి. ఇటువంటి వంతెనల పనిలో ఏళ్ల తరబడి కమ్మీలు కట్టిన మేస్త్రీ. "కొండచిలువంటే ఒకటే ఒళ్లు గదా సార్. వంతెన అట్లుండదు. ముక్కలు ముక్కలుగా పోసి, దండ గుచ్చినట్టు గుచ్చుతాం" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఆ మాట నన్ను వదల్లేదు. తెలుగు ఎమ్మే చదివి, ఇరవై ఏళ్లుగా పిల్లలకు వస్తువు, శిల్పం అంటూ పాఠాలు చెబుతున్న నేను, ఒక వస్తువు ఎలా తయారవుతుందో తెలియకుండానే దాని ప్రతీకను మెచ్చుకున్నాను. ఇది నా ఒక్కడి లోపమే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. నగరం మీద మనం రాస్తున్న కథల్లో, కవితల్లో ఫ్లైఓవర్ తరచూ రాక్షసిగానో, పాముగానో, ఉక్కుపాదంగానో వస్తుంది. రోడ్డుగా రావడం అరుదు. అందుకే ఆ మేస్త్రీ దగ్గరా, చదివినదాంట్లోనూ నేను తెలుసుకున్నది మిత్రుల ముందు ఉంచుతున్నాను.

మొదట కట్టడం సంగతి. జనంతో కిటకిటలాడే రోడ్డును మూసేసి వంతెన కట్టడం కుదరదు. కాబట్టి రోడ్డు నడిమి విభాగినిలోనే పునాదులు తీసి, ఒక్కో చోట ఒక్కో స్తంభం లేపుతారు. స్తంభం తలమీద రెండు చేతులు చాచినట్టు ఉండే దూలం వస్తుంది. పైన పరిచే రోడ్డును అక్కడ పోయరు. ఊరిబయట కాస్టింగ్ యార్డులో సెగ్మెంట్లుగా పోస్తారు. ఒక సెగ్మెంటును పోసేటప్పుడు అంతకుముందు పోసిన సెగ్మెంటు ముఖాన్నే అచ్చుగా వాడతారు. అందువల్ల ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలో ముందే నిర్ణయమైపోతుంది. వరుస మారితే అతకవు. వాటిని రాత్రిపూట, ట్రాఫిక్ పలచబడ్డాక, పెద్ద ట్రైలర్ల మీద తెస్తారు. స్తంభాల మీద నిలబెట్టిన లాంచింగ్ గర్డర్ అనే భారీ ఉక్కు చట్రం వాటిని ఒక్కొక్కటిగా పైకి లాగి వరసగా వేలాడదీస్తుంది. ముక్కల ముఖాలకు ఎపాక్సీ జిగురు పూసి, లోపలి గొట్టాల గుండా పేనిన ఉక్కు తీగలు దూర్చి, జాకీలతో బిగలాగి రెండు కొసలా బంధిస్తారు. ఆ బిగువు వల్లనే విడివిడి ముక్కలు ఒక్క దూలంగా బరువు మోస్తాయి. మేస్త్రీ చెప్పిన దండ ఇదే. పూలు కనబడతాయి, దారం కనబడదు. ఆ దారం ఎప్పుడూ బిగువు మీదే ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. మన కథలు ఆగిపోయేది ఇక్కడే. హోసూరు రోడ్డు వంతెన సిల్క్‌బోర్డు వైపునుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా సుమారు 10 కిలోమీటర్లు. 2010 జనవరిలో తెరుచుకుంది. జాతీయ రహదారుల సంస్థ దీన్ని 'కట్టు, నడుపు, అప్పగించు' పద్ధతిలో ప్రైవేటు వారికి ఇచ్చింది. అంటే కంపెనీ కొంత సొంత పెట్టుబడి, ఎక్కువ భాగం అప్పు తెచ్చి రోడ్డు కడుతుంది. ఒప్పందపు గడువు, ఇక్కడ 20 ఏళ్లు, ముగిసేదాకా టోలు వసూలు చేసుకుంటుంది. తర్వాత రోడ్డును ప్రభుత్వానికి అప్పగిస్తుంది. బ్యాంకు అప్పు ఇచ్చేది కాంక్రీటును చూసి కాదు, రేపు ఆ దారిన పోబోయే బళ్ల లెక్కను చూసి. ఇంకా పుట్టని ప్రయాణాలు తాకట్టులో ఉంటాయన్నమాట.

తెలుగు పాఠకులకు ఇందులో మరో ఆసక్తికరమైన విషయం ఉంది. దీన్ని కట్టిన సోమా, ఎన్.సి.సి., మేటాస్ మూడూ హైదరాబాదు కంపెనీలే. పని నడుస్తుండగానే 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. ఆ కుటుంబానికే చెందిన మేటాస్ ఇన్‌ఫ్రా యాజమాన్యం చేతులు మారింది. వంతెన మాత్రం మరుసటి ఏడాది తెరుచుకుంది, టోలు మొదలైంది. కథకులు దీన్ని జాగ్రత్తగా గమనించాలి. మన కథల్లో దోపిడీకి ఎప్పుడూ ఒక ముఖం ఉంటుంది: బొజ్జ, బంగారు ఉంగరాలు, చేతిలో చుట్ట. ఇక్కడ యజమాని మారినా ఒప్పందం మారదు. ఈ కథకు నాయకుడో ప్రతినాయకుడో ఉన్నాడంటే అది ఆ ఒప్పందపత్రమే. దానికి ముఖం లేదు, నిబంధనలున్నాయి. ముఖంలేని పాత్రను చిత్రించే శిల్పం మన దగ్గర ఇంకా తయారుకాలేదు.

నిబంధన అంటే ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ. 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నియమాల కిందికి వచ్చే రోడ్ల మీద టోలు ఏటా 3 శాతం పెరుగుతుంది. దానికితోడు టోకు ధరల సూచీ పెరిగినదాంట్లో 40 శాతం కలుస్తుంది. ధరలు పెరగని ఏడాదిలో కూడా ఆ 3 శాతం ఆగదు. నాబోటి ఉపాధ్యాయుడికి కరువుభత్యం ఉంది. రోడ్డుకూ కరువుభత్యం ఉంది. రోడ్డు పోసిన కూలీ చేతికి అటువంటిది చేరడం అరుదు. ఈ మూడు వాక్యాల్లో ఒక కథ ఉంది. దానికి పాము అక్కర్లేదు.

ఎవరు పైన, ఎవరు కింద అన్నది మూడో సంగతి. సాధారణంగా జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనాలకు టోలు ఉండదు. ఈ వంతెన మీద మాత్రం వాటికీ వసూలు చేశారు. కింద పాత రోడ్డు ఉచితమే. బొమ్మనహళ్లి, కూడ్లు గేటు, సింగసంద్ర, హోస రోడ్డు స్టాపులన్నీ కిందే ఉన్నాయి. స్టాపులో ఎక్కి స్టాపులో దిగేవాడికి పైదారి పనికిరాదు. పైన పోయేవాడు సమయం కొనుక్కుంటాడు, కింద పోయేవాడు సమయం చెల్లిస్తాడు. ఒకరు రూపాయల్లో కడితే ఇంకొకరు గంటల్లో కడతారు. అంతేకాదు, పైన వేగంగా వచ్చిన బండి చివరికి దిగేది సిల్క్‌బోర్డు కూడలిలోకి. దేశంలోనే పేరుమోసిన ఇరుకుల్లో అదొకటి. రద్దీ పోలేదు, జరిగింది. చివరికి అదే దారిలో మెట్రో వేయవలసి వచ్చింది. 2025 ఆగస్టు 10న అది మొదలైంది.

అయితే వంతెన మొత్తం మోసమని తేల్చెయ్యడం కూడా సోమరితనమే. నా శిష్యుడు నాతో నిజాయితీగా ఒక మాట చెప్పాడు: "రాత్రి షిఫ్టు అయ్యాక పైనుంచే వస్తాను సార్. ఆ పది నిమిషాలే నాకు గాలి తగిలేది." కథలో అతను ఈ మాట రాయలేదు. రాస్తే కొండచిలువ ప్రతీక చెడిపోతుందని భయపడ్డాడు. ప్రతీకను కాపాడుకోవడానికి అనుభవాన్ని బలిపెట్టాడు. మనమంతా చేసే తప్పే ఇది. తనను పీల్చేదాన్నే మనిషి కాస్త ప్రేమిస్తాడు. ఆ వైరుధ్యాన్ని పట్టుకోలేని వాస్తవికత సగం వాస్తవికతే.

హైదరాబాదు పోలిక చూద్దాం. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో తెరుచుకుంది. దానికి టోలు లేదు. అది ప్రజల వాడుకలోకి ఎలా వచ్చిందో చూడండి. అత్తాపూర్, ఉప్పర్‌పల్లి వాళ్లు ఇవాళ చిరునామా చెప్పేది పిల్లర్ నంబరుతోనే. పెళ్లిపత్రికల్లో, దుకాణాల బోర్డుల మీద అదే. వంతెన పైన పోయేవాడికి పిల్లర్ కనబడదు. కింద బతికేవాడు దానికి నంబరుపెట్టి పిలుస్తాడు, దాని నీడలో పళ్లబండి పెడతాడు. పైవాడి కోసం వేసిన స్తంభాన్ని కిందివాడు తన భాషలోకి తెచ్చుకున్నాడు. భాషాశాస్త్ర విద్యార్థులు దీన్నెందుకు పట్టించుకోరో నాకు అర్థంకాదు.

కాలం సంగతి కూడా ఒక మాట. టోక్యోలో 1911లో కట్టిన నిహోంబాషి రాతివంతెన నెత్తిమీదుగా 1963లో, ఒలింపిక్స్‌కు ముందు, టోలు ఎక్స్‌ప్రెస్‌వే వేశారు. చారిత్రకమైన వంతెనకు ఆకాశం లేకుండా పోయింది. ఇప్పుడా భాగాన్ని నేలకిందికి మార్చే పని నడుస్తోంది. 2040 నాటికి పైది తీసెయ్యాలన్నది ప్రణాళిక. జపానులో అప్పులు తీరాక ఎక్స్‌ప్రెస్‌వేలు ఉచితం కావాలన్నది మొదటి మాట. ఆ గడువు జరుగుతూ వచ్చి, 2023 చట్టంతో 2115కు చేరింది. తాత మొదలుపెట్టిన టోలును ముని మనవడు కూడా కడుతూనే ఉంటాడు. నవలకు ఇంతకంటే పెద్ద కాన్వాసు ఎవరిస్తారు?

శ్రీశ్రీ 'దేశచరిత్రలు' అడిగిన ప్రశ్నను మనం సభల్లో వల్లిస్తూనే ఉన్నాం. ఆ ప్రశ్న నేటికీ చెల్లుతుంది. కాని వల్లెవేయడంతో సరిపెట్టుకుంటే అది కూడా ఒక టోలు రసీదు అయిపోతుంది: చూపించి దాటిపోవచ్చు. ఎవరు కట్టారన్న ప్రశ్నకు మరో రెండు చేర్చాలి. ఎవరు, ఎంతకాలం చెల్లిస్తూ ఉంటారు? ఎవరు ఏ అంతస్తులో ప్రయాణిస్తారు? ఈ మూడింటికీ జవాబు వెదకని రచన ఎంత ఆవేశంగా ఉన్నా వంతెన కింద నిలబడి అరిచిన అరుపే. పైకి వినబడదు.

ఇవన్నీ కథలో కుక్కమని నా ఉద్దేశం కాదు. ఒప్పందం నకలు రాస్తే కథ కాదు. తెలుసుకున్నది రచయిత చేతిలో ఉక్కుతాడులా లోపల ఉండాలి, కనబడకుండా బిగువుగా.

నా శిష్యుడు ఆ కథను తిరగరాశాడు. మేస్త్రీతో రెండు సాయంకాలాలు కూర్చోబెట్టాను. కొత్త ప్రతిలో కొండచిలువ లేదు. రాత్రిపూట గర్డర్ కింద ట్రాఫిక్ ఆపే ఎర్రజెండా మనిషి ఉన్నాడు, ఆ పది నిమిషాల గాలి ఉంది. కథ మునుపటంత చప్పట్లు తెచ్చుకోదేమో. మేస్త్రీ మాత్రం చదివించుకుని విని, "ఇప్పుడు నిలబడింది సార్" అన్నాడు. నా ఇరవై ఏళ్ల విమర్శలో ఇంత కచ్చితమైన తీర్పు నేనెప్పుడూ ఇవ్వలేదని ఒప్పుకోక తప్పదు.