దామరచర్ల వానకి, సముద్రంలో మునిగి తిరిగే ఈ గ్యాడ్జెట్‌కి లింకేంటి? ఆర్గో ఫ్లోట్ ఎలా పనిచేస్తుందో చూద్దాం

రోజూ ఫోన్లు, వాచ్‌లు, ఇయర్‌బడ్స్ గురించే మాట్లాడుకుంటాం కదా. ఈసారి మనలో ఎవరూ కొనని ఒక గ్యాడ్జెట్ గురించి చూద్దాం. దీనికి స్క్రీన్ లేదు, కెమెరా లేదు, ఛార్జింగ్ పోర్ట్ అసలే లేదు. ఒకసారి సముద్రంలో వేశాక సాధారణంగా మళ్లీ ఎవరూ దాన్ని ముట్టుకోరు. కానీ అది పంపే డేటాని ప్రపంచంలో ఎవరైనా ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మీరు కూడా. దాని పేరు ఆర్గో ఫ్లోట్. ఇలాంటివి ఇప్పుడు సముద్రాల్లో సుమారు 4,000 తిరుగుతున్నాయి. వాటి డేటాని చూసుకునే ముఖ్యమైన సెంటర్లలో ఒకటి మన హైదరాబాద్‌లోనే ఉంది.

దామరచర్ల నుంచి మొదలుపెడదాం

మీది దామరచర్ల అనుకోండి. సముద్రం వంద కిలోమీటర్లకు పైనే దూరం. మీ ఊరికి దగ్గర్లో ఉన్న పెద్ద నీళ్లంటే కృష్ణా నది. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి అందులో కలుస్తుంది. మిర్యాలగూడ చుట్టుపక్కల వరి పండాలన్నా, అక్కడి రైస్ మిల్లులు నడవాలన్నా నాగార్జునసాగర్ ఎడమ కాలువలో నీళ్లు ఉండాలి. సాగర్ నిండాలంటే ఎక్కడో మహారాష్ట్ర, కర్ణాటకల్లో పడమటి కనుమల మీద వానలు పడాలి. ఆ నీళ్లు ఆల్మట్టి, జూరాల, శ్రీశైలం దాటుకుని కిందికి రావాలి. మరి ఆ వానలు ఎక్కడి నుంచి వస్తాయి? సముద్రం నుంచి.

2023 ఆగస్టు గుర్తుందా? 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు ఇంకొకటి లేదు. ఆ ఏడాది పసిఫిక్ సముద్రంలో ఎల్‌నినో నడుస్తోంది. ఎక్కడో పెరూ వైపు సముద్రం వేడెక్కితే ఇక్కడ నారు పోసుకున్న రైతు ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. అందుకే ఈ సీజన్ ఎలా ఉంటుందో ముందే అంచనా వేయాలంటే సముద్రం పైపొర ఎంత వేడిగా ఉందో తెలిస్తే చాలదు, లోపల ఎంత వేడి దాచుకుందో కూడా తెలియాలి.

ఇక్కడే చిక్కు. శాటిలైట్లు సముద్రం పైభాగాన్ని బాగానే చూస్తాయి. నీళ్ల లోపలికి మాత్రం చూడలేవు. పాత రోజుల్లో ఓడల మీద వెళ్లి తాడు కట్టి పరికరాలు దింపి కొలిచేవాళ్లు. ఓడలు తిరిగే దారుల్లోనే డేటా ఉండేది, మిగతా సముద్రమంతా ఖాళీ. దక్షిణ మహాసముద్రంలో చలికాలమైతే ఓడలు వెళ్లడమే కష్టం, ఇక కొలతలు ఎక్కడివి?

స్పెసిఫికేషన్స్ ఒకసారి చూద్దాం

- బాడీ: సిలిండర్ ఆకారం. యాంటెనాతో కలిపి మనిషి ఎత్తుకు అటూ ఇటూ, బరువు 20 నుంచి 30 కిలోలు
- సెన్సర్లు: ఉష్ణోగ్రత, ఉప్పు శాతం, నీటి ఒత్తిడి
- ఎంత కచ్చితం: ఉష్ణోగ్రతలో తేడా వస్తే 0.002 డిగ్రీల సెల్సియస్ దగ్గర
- లోతు: 2,000 మీటర్లు
- బ్యాటరీ: లిథియం. రీఛార్జ్ లేదు, 4 నుంచి 5 ఏళ్లు వస్తుంది
- కనెక్టివిటీ: జీపీఎస్, శాటిలైట్ లింక్
- ధర: మామూలు మోడల్ సుమారు 20 వేల డాలర్లు, ఆ పైన

మన ఐపీ68 ఫోన్లు చాలావరకు 1.5 మీటర్ల నీళ్లలో 30 నిమిషాలు తట్టుకుంటాయని కంపెనీలు చెబుతాయి. ఇది 2,000 మీటర్ల లోతుకు వెళ్తుంది. అక్కడ ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు. అలా ఏళ్ల తరబడి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది.

ఫ్యాన్ లేదు, మోటార్ బోట్ లాంటి ప్రొపెల్లర్ లేదు. మరి ఎలా కదులుతుంది? చాలా సింపుల్. లోపల కొంచెం నూనె ఉంటుంది, కింద బయట ఒక రబ్బరు సంచి ఉంటుంది. పంపు ఆ నూనెను సంచిలోకి తోస్తే సంచి ఉబ్బుతుంది. బరువు మారదు కానీ సైజు పెరుగుతుంది, కాబట్టి ఫ్లోట్ పైకి తేలుతుంది. నూనె వెనక్కి తీసుకుంటే మునుగుతుంది. బ్యాటరీ అన్నేళ్లు రావడానికి ఇదొక పెద్ద కారణం. పంపు పనిచేసేది కాసేపే, మిగతా టైమంతా ప్రవాహంతో పాటు కొట్టుకుపోవడమే.

ఒక సైకిల్‌కి 10 రోజులు. మొదట 1,000 మీటర్ల లోతుకు దిగి అక్కడ తొమ్మిది రోజుల దాకా తేలుతూ ఉంటుంది. తర్వాత 2,000 మీటర్లకు దిగి, అక్కడి నుంచి పైకి వస్తూ దారి పొడవునా కొలతలు తీసుకుంటుంది. పైకి రావడానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది. నీళ్ల కింద జీపీఎస్ పనిచేయదు కాబట్టి పైకి వచ్చాకే తను ఎక్కడుందో చూసుకుంటుంది. డేటా పంపేసి మళ్లీ మునుగుతుంది. పాత మోడల్స్‌కి డేటా పంపడానికి గంటల తరబడి పైనే ఉండాల్సి వచ్చేది. ఇరీడియం శాటిలైట్లు వాడే మోడల్స్‌కి గంటలోపే పని అయిపోతుంది.

ఇప్పుడు లెక్క వేయండి. ఒక్కోటి 10 రోజులకు ఒకసారి కొలిస్తే, 4,000 ఫ్లోట్లకు రోజుకు 400 కొలతలు, నెలకు 12,000. సగటున ప్రతి 300 కిలోమీటర్లకు ఒక ఫ్లోట్ ఉండాలన్నది ప్లాన్. ఏ ఒక్క దేశం వల్లా అయ్యే పని కాదు ఇది.

ఆండ్రాయిడ్ లాంటి ఏర్పాటు

1999లో ఫ్లోట్లు వేయడం మొదలైంది. 2007 నవంబర్ నాటికి 3,000 దాటాయి. ఇప్పుడు దాదాపు 30 దేశాలు ఇందులో ఉన్నాయి. అమెరికా వాటా సగం దాకా ఉంటుంది. జపాన్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా, చైనా, కొరియా, బ్రిటన్, కెనడాతో పాటు ఇండియా కూడా ఫ్లోట్లు వేస్తుంది.

ఫ్లోట్లు తయారుచేసే వాళ్లు కూడా వేరు వేరు. అమెరికాలో ఒక మోడల్, ఫ్రాన్స్‌లో ఇంకొకటి. చైనా వాళ్లది అయితే తమ సొంత బైదౌ శాటిలైట్లతో మాట్లాడుతుంది. అయినా చివరికి వచ్చే ఫైల్ ఒకే ఫార్మాట్‌లో ఉంటుంది. ఏ బ్రాండ్ ఫోన్ అయినా టైప్-సి కేబుల్ పెడితే పట్టాలి అన్నట్టు, ఏ దేశం ఫ్లోట్ అయినా దాని డేటా ఒకే ప్రోగ్రామ్‌తో చదవగలగాలి. దీన్ని ఓపెన్ సైన్స్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అంటారు. రోడ్డు, కరెంటు లైన్ లాగా ఇదీ అందరూ వాడుకునే ఏర్పాటు. కాకపోతే దీనిమీద నడిచేది సైన్స్ డేటా.

ఇది నడవడానికి కొన్ని రూల్స్ ఉన్నాయి. అవే అసలు ఫీచర్స్.

మొదటిది, డేటాని దాచుకోకూడదు. ఫ్లోట్ పైకి వచ్చి పంపిన కొలత 24 గంటల్లోపు అందరికీ అందాలన్నది టార్గెట్. ఫ్లోట్ కొన్న దేశానికి ముందు, మిగతా వాళ్లకు తర్వాత అనే పద్ధతి లేదు.

రెండోది, పొరుగు దేశానికి చెప్పాలి. ఫ్లోట్ ప్రవాహంలో కొట్టుకుపోయి ఇంకో దేశపు సముద్ర హద్దుల్లోకి వెళ్లొచ్చు. ఎవరో నిఘా పరికరం పంపారని అనుమానం వస్తే గొడవే. అందుకే యునెస్కో కింద ఉన్న సముద్ర కమిషన్ 1999లోనే ఒక తీర్మానం చేసింది. అలా వెళ్లే అవకాశం ఉన్న ఫ్లోట్ల గురించి ఆ దేశానికి ముందే తెలియజేయాలి. ఎక్కడ వేశారు, ఇప్పుడు ఎక్కడుంది, డేటా ఎక్కడ దొరుకుతుంది అన్నీ చెప్పాలి.

మూడోది, తప్పుల్ని కూడా అందరి ముందే సరిచేయాలి. ఇది నాకు బాగా నచ్చిన ఫీచర్. కొన్నేళ్ల క్రితం కొన్ని ఫ్లోట్లలో ఉప్పు కొలిచే సెన్సర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపించడం మొదలుపెట్టాయి. అవి ఒక కాలంలో తయారైన సెన్సర్లు. సముద్రం నడిమధ్యలో ఉన్న సెన్సర్‌ని పట్టుకుని చెక్ చేయలేరు కదా. కానీ డేటా అంతా ఓపెన్‌గా ఉండటం వల్ల పక్క ఫ్లోట్లతో, ఓడల కొలతలతో పోల్చి చూసి కనిపెట్టగలిగారు. అనుమానం ఉన్న ఫ్లోట్ల పేర్లు గ్రే లిస్ట్‌లో పెట్టి అందరికీ చూపిస్తారు. మొదటి రోజు వచ్చే డేటాని కంప్యూటర్ చెక్ చేస్తుంది, తర్వాత ఏడాది లోపు నిపుణులు కూర్చుని ఇంకోసారి సరిచూస్తారు. మన గ్యాడ్జెట్లలో ప్రాబ్లమ్ వస్తే ఇలా లిస్ట్ పెట్టి చెప్పే కంపెనీలు ఎన్ని ఉన్నాయో మీరే ఆలోచించండి.

హైదరాబాద్ పాత్ర ఏంటి?

సముద్రం లేని హైదరాబాద్‌లో, ప్రగతినగర్ దగ్గర ఇన్‌కాయిస్ ఉంది. పూర్తి పేరు భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం. 1999లో పెట్టారు. సునామీ హెచ్చరికలు ఇచ్చే సెంటర్ కూడా ఇక్కడే ఉంది, హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకు కూడా ఆ సమాచారం వెళ్తుంది.

ప్రపంచంలో ఆర్గో డేటాని ప్రాసెస్ చేసే సెంటర్లు 11 ఉన్నాయి. వాటిలో ఇన్‌కాయిస్ ఒకటి. ఇండియా వేసిన ఫ్లోట్ల నుంచి వచ్చిన సిగ్నల్‌ని చదివి, చెక్ చేసి, ఫ్రాన్స్‌లో ఒకటి, అమెరికాలో ఒకటి ఉన్న రెండు గ్లోబల్ సర్వర్లకు పంపుతుంది. రెండు చోట్లా ఒకే డేటా ఉంటుంది, ఒకటి డౌన్ అయినా రెండోది ఉంటుంది. దీంతో పాటు హిందూ మహాసముద్రానికి సంబంధించిన ఆర్గో డేటాకి ఇన్‌కాయిస్ ప్రాంతీయ కేంద్రం కూడా.

ఇప్పుడు మళ్లీ మన వాన దగ్గరికి వద్దాం. మీ ఫోన్‌లో "సాయంత్రం వాన" అని చూపించే యాప్ ఎక్కువగా శాటిలైట్లు, వెదర్ స్టేషన్లు, బెలూన్ల డేటా మీద ఆధారపడుతుంది. అందులో ఆర్గో వాటా తక్కువే. కానీ ఈ సీజన్ మొత్తం ఎలా ఉండబోతోంది అనే అంచనాకి మాత్రం సముద్రం లోపలి పరిస్థితి తెలియాలి. ఇన్‌కాయిస్ ఆర్గో కొలతల్ని ఇతర డేటాతో కలిపి ఈ రోజు సముద్రం ఎలా ఉందో ఒక పూర్తి చిత్రం తయారుచేస్తుంది. వానాకాలం అంచనా వేసే మోడల్ ఆ చిత్రం నుంచే లెక్క మొదలుపెడుతుంది. ఆ మోడల్ కూడా మొదట అమెరికాలో తయారైందే. పుణెలోని శాస్త్రవేత్తలు దాన్ని మన రుతుపవనాలకు తగ్గట్టు మెరుగుపరిచారు.

తుపాన్లకీ ఇంతే. బంగాళాఖాతంలో పెద్ద నదుల మంచినీళ్లు వచ్చి పైన ఒక పలుచని పొరలా నిలుస్తాయి. గంగ, బ్రహ్మపుత్రలదే పెద్ద వాటా, వాడపల్లి దాటి వెళ్లిన కృష్ణా నీళ్లు కూడా అందులో కొంచెం ఉంటాయి. ఆ పొర వల్ల కింది చల్లని నీళ్లు పైకి కలవవు, పైభాగం వేడిగానే ఉండిపోతుంది. తుపాను బలపడటానికి అది చాలు. ఆ పొర ఎంత మందం ఉందో చెప్పేది ఫ్లోట్‌లో ఉన్న ఉప్పు సెన్సరే.

మైనస్ పాయింట్లు

రివ్యూ అన్నాక మైనస్‌లు కూడా చెప్పాలి. బ్యాటరీ అయిపోయిన ఫ్లోట్లలో ఎక్కువ భాగం సముద్రంలోనే ఉండిపోతాయి. ఒక్కదాని కోసం ఓడ పంపడం వాటి ఖరీదు కంటే ఎక్కువవుతుంది. తీరం దగ్గర లోతు లేని చోట ఇవి సరిగా పనిచేయవు. మామూలు మోడల్ 2,000 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది, కానీ సముద్రపు నీళ్లలో దాదాపు సగం అంతకంటే లోతులోనే ఉన్నాయి. 6,000 మీటర్ల దాకా వెళ్లే కొత్త మోడల్స్, ఆక్సిజన్, ఆమ్లత్వం కొలిచే మోడల్స్ వచ్చాయి. అన్ని రకాలూ కలిపి 4,700 ఫ్లోట్లు ఉండాలన్నది ఇప్పటి టార్గెట్. అయితే ఇవి ఇంకా ఖరీదు.

అన్నిటికంటే పెద్ద మైనస్ డబ్బు. ఈ నెట్‌వర్క్‌కి ఓనర్ ఎవరూ లేరు. ప్రతి దేశం ఏటా ఇంత ఇచ్చి తీరాలనే ఒప్పందం లేదు. ఎవరి బడ్జెట్ వాళ్లది, అందులోనూ చాలా దేశాల్లో అది కొన్నేళ్లకు ఒకసారి మళ్లీ అడిగి తెచ్చుకోవాల్సిన రీసెర్చ్ ఫండ్. ఫ్లోట్ లైఫ్ 5 ఏళ్లు అనుకున్నా, 4,000 నిలబెట్టాలంటే ఏటా 800 కొత్తవి వేయాలి. ఒక్క ఏడాది అందరూ చేతులెత్తేస్తే అయిదో వంతు పోయినట్టే. సగం ఇచ్చే దేశం ఒక్కటే వెనక్కి తగ్గినా ఆ ఖాళీ అట్లాంటిక్‌లోనే కాదు, మన వైపు కూడా కనిపిస్తుంది. ఆ ఏడాది కొలవకుండా వదిలేసిన సముద్రాన్ని తర్వాత ఎంత డబ్బు పెట్టినా కొలవలేం.

2021 నవంబర్‌లో యునెస్కోలోని 193 దేశాలు ఓపెన్ సైన్స్‌కి సపోర్ట్ చేస్తూ ఒక సిఫారసును ఆమోదించాయి. అలాంటి ఏర్పాట్లకు నిలకడగా డబ్బు పెట్టాలని కూడా అందులో ఉంది. కానీ అది సిఫారసు మాత్రమే, చట్టం కాదు.

మీరు ట్రై చేయాలంటే

దీనికి పర్మిషన్ లెటర్లు, కాలేజీ ఐడీలు అక్కర్లేదు. ఆర్గో మ్యాప్‌లు బ్రౌజర్‌లోనే ఓపెన్ అవుతాయి, ఫోన్‌లో కూడా. కృష్ణా నది సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర జూమ్ చేసి, అక్కడి నుంచి బంగాళాఖాతం లోపలికి వెళ్లండి. కనిపించిన చుక్క మీద నొక్కితే ఆ ఫ్లోట్ ఏ దేశానిది, చివరిసారి ఎప్పుడు పైకి వచ్చింది, ఎంత లోతులో ఎంత వేడి ఉందో గ్రాఫ్‌తో సహా వస్తుంది. కొంచెం పైథాన్ వచ్చినవాళ్లకు ఆర్గోపై అనే ఫ్రీ లైబ్రరీ ఉంది, కొన్ని లైన్ల కోడ్‌తో డేటా మీ ల్యాప్‌టాప్‌లోకి వచ్చేస్తుంది. ఇంజినీరింగ్ ప్రాజెక్ట్ కోసం టాపిక్ వెతుక్కుంటున్న వాళ్లకు ఇంతకంటే మంచి డేటాసెట్ అంత ఈజీగా దొరకదు. 2023 వేసవిలో బంగాళాఖాతం ఎలా ఉంది, మంచి వానలు పడిన ఏడాది ఎలా ఉంది అని రెండు గ్రాఫ్‌లు పక్కపక్కన పెట్టి చూడండి చాలు.

మా వెర్డిక్ట్: డిజైన్‌కి మంచి మార్కులు, బ్యాటరీకి ఇంకా ఎక్కువ మార్కులు. ఫుల్ మార్కులు మాత్రం డేటా పాలసీకే. వచ్చే జూన్‌లో సాగర్‌కి నీళ్లొస్తాయా లేదా అని దామరచర్లలో మాట్లాడుకునేటప్పుడు, ఆ అంచనా వెనుక ఏదో దేశం కొన్న ఫ్లోట్ ఒకటి 1,000 మీటర్ల లోతులో చప్పుడు లేకుండా తేలుతూ ఉంటుంది. దాని బ్యాటరీ అయిపోయే లోపు ఇంకొకటి వేయాలని ఎవరో గుర్తుపెట్టుకోవాలి, అంతే.