ఆంగ్ల సంయుక్త విశేషణాలలో హైఫన్: తెలుగు సమాసదృష్టితో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
తెలుగు పరిశోధకులు తమ గ్రంథశీర్షికలను, సంగ్రహాలను ఆంగ్లంలో రాసేటప్పుడు హైఫన్ వాడకంలో తరచుగా పొరబడుతున్నారు. హైఫన్ కేవలం విరామచిహ్నం కాదనీ, అది సమాసానికి గుర్తు అనీ గ్రహిస్తే ఈ పొరపాట్లలో ఎక్కువభాగం తొలగిపోతాయి. మనకు పరిచితమైన విగ్రహవాక్యాన్నే సాధనంగా చేసుకొని హైఫన్ ఎక్కడ అవసరమో, ఎక్కడ అనవసరమో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సంయుక్త విశేషణం, హైఫన్, సమాసం, విగ్రహవాక్యం, పరిశోధన శీర్షికలు.

1. ఉపోద్ఘాతం:
తెలుగు శాఖలో పరిశోధన చేసినవారి సిద్ధాంతగ్రంథం తెలుగులోనే ఉంటుంది. కాని శీర్షికను, సంగ్రహాన్ని ఆంగ్లంలోనూ ఇవ్వవలసిన సందర్భాలు ఎన్నో. యూజీసీ 2009 నిబంధనలు పిహెచ్.డి. గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించడం తప్పనిసరి చేశాయి. ‘శోధగంగ’లో గ్రంథాల జాబితాను చూసేవారిలో తెలుగు లిపి చదవలేని వారూ ఉంటారు. మన నాలుగైదేండ్ల శ్రమ వారికి ఒక్క ఆంగ్లపంక్తిగా మాత్రమే కనిపిస్తుంది. ఆ పంక్తిలో ఒక చిన్నగీత లోపిస్తే పరిశోధన విషయమే మారిపోయే అవకాశం ఉంది.

ఈ విషయం మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం నా పొరపాటే. కొన్నేండ్ల కిందట ఒక సదస్సుకు సంచాలకుడిగా ఉన్నప్పుడు ఫ్లెక్సీ మీద “టూ డేస్ నేషనల్ సెమినార్” అని రాయించాను. అది తప్పని ఎవరూ అనలేదు. అంతకుముందు నేను వెళ్ళిన చాలా సదస్సుల ఫ్లెక్సీల మీద అట్లాగే ఉండేది. “టూ-డే” అని ఉండాలని ఆంగ్లోపన్యాసకులైన మిత్రులొకరు చెప్పినప్పుడు, రెండు రోజులకు ఏకవచనం ఎట్లా వస్తుందని వాదించాను కూడా.

2. ‘రెండు రోజుల’ - ‘టూ-డే’:
ఆ వాదానికి సమాధానం మన వ్యాకరణంలోనే దొరికింది. తెలుగులో ‘రెండు రోజుల సదస్సు’ అంటాం. ‘రోజుల’లో బహువచనం ఉంది. ఆ బహువచనమే మన చేత ‘డేస్’ అని రాయిస్తుంది. అయితే 1951లో మొదలైన ప్రణాళికను మనం ‘పంచవర్ష ప్రణాళిక’ అన్నాం. ‘పంచవర్ష’లో బహువచన చిహ్నం లేదు. సమాసంలో పూర్వపదం విభక్తినీ, దానితోపాటు వచన ప్రత్యయాన్నీ వదులుకొని ప్రాతిపదికగా మిగులుతుంది. ఆంగ్లంలోని “ఫైవ్-ఇయర్ ప్లాన్” కూడా ఇదే పని చేసింది. ‘ఇయర్’ అక్కడ ఏకవచనం కాదు, ప్రాతిపదిక అనుకుంటే చిక్కు విడిపోతుంది.

ఇక విగ్రహవాక్యం చెప్పి చూద్దాం. సమాసంలో లోపించిన విభక్తి, వచనాలు విగ్రహంలో తిరిగి వస్తాయి. ఆంగ్లంలోనూ అంతే. “ద సెమినార్ ఈజ్ టూ డేస్ లాంగ్” అన్నప్పుడు ‘డేస్’ తిరిగి వచ్చింది, హైఫన్ పోయింది. నామవాచకానికి ముందు హైఫన్ ఉంచి, తరువాత సాధారణంగా తీసివేయాలన్న ఆంగ్ల నియమానికి మూలం ఇదే. “ఎ వెల్-నోన్ పోయెట్” సమాసం. “ద పోయెట్ ఈజ్ వెల్ నోన్” విగ్రహం. “టెన్-ఇయర్-ఓల్డ్ గర్ల్” అన్నచోట ‘ఇయర్స్’ అని రాయడం సమాసంలో విగ్రహాన్ని చొప్పించడమే.

3. నిలువుటద్దంలోని టకారం:
పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) సమాసానికి ఒక పరిచ్ఛేదమే ఉంది. ‘నిలువు’, ‘అద్దము’ కలిసి ‘నిలువుటద్దము’ అయినప్పుడు మధ్యలో వచ్చే టుగాగమం ఆ రెండు పదాలకు కర్మధారయ సంబంధం ఉన్నదని వినికిడిలోనే తెలియజేస్తుంది. ‘సరసపుమాట’లోని ‘పు’ చేసే పనీ అటువంటిదే. ఆంగ్లానికి ఇటువంటి ఆగమాలు లేవు. మాట్లాడేటప్పుడు ఊనికతో, రాసేటప్పుడు హైఫన్‌తో ఆ లోటు తీర్చుకుంటుంది. నిలువుటద్దంలోని టకారాన్ని వదిలేయడానికి చెవి ఒప్పుకోని మనం, ఆంగ్లంలో హైఫన్‌ను మాత్రం అలంకారంగా భావించి వదిలేస్తున్నాం.

బహువ్రీహి దగ్గర ఈ పోలిక ఇంకా స్పష్టం. ‘పద్మాక్షి’కి పద్మముల వంటి కన్నులు కలది అని విగ్రహం. ఆంగ్లంలో “లోటస్-ఐడ్”. ‘కలది’ అన్న అన్యపదార్థాన్ని చివరి ‘-ఎడ్’ ప్రత్యయం మోస్తున్నది. హైఫన్ లేకపోతే ఆ ప్రత్యయం ‘ఐ’కి మాత్రమే చెందినట్టు కనిపిస్తుంది. ‘చతుర్ముఖుడు’ “ఫోర్-ఫేస్డ్” కావడం కూడా ఇట్లాగే. పురాణ, ప్రబంధ పద్యాలను అనువదించేవారికి ఈ రూపం అడుగడుగునా అవసరపడుతుంది.

4. అర్థం మారే చోటు:
పై ఉదాహరణల్లో హైఫన్ లేకున్నా చదువరి ఎట్లాగో అర్థం చేసుకుంటాడు. అసలు ప్రమాదం మూడు పదాలు వరుసగా వచ్చినచోట ఉంది. మా పరిగికి దగ్గరి తాండూరు నాపరాతికి పేరుపొందిన ప్రాంతం. అక్కడి కార్మికుల జీవితం మీద వచ్చిన కథలను ఒక విద్యార్థి పరిశీలిస్తున్నాడనుకుందాం. సంగ్రహంలో అతడు “స్మాల్ స్టోన్ పాలిషింగ్ యూనిట్స్” అని రాస్తే చిన్నవి రాళ్ళా, యూనిట్లా? “స్మాల్-స్టోన్ పాలిషింగ్ యూనిట్స్” అంటే చిన్న రాళ్ళకు పాలిష్ పట్టేవి. “స్మాల్ స్టోన్-పాలిషింగ్ యూనిట్స్” అంటే రాళ్ళకు పాలిష్ పట్టే చిన్న యూనిట్లు. తెలుగులో పదక్రమం మార్చుకొని ఈ సందేహం నుంచి తప్పించుకోగలం. ఆంగ్లంలో గీత ఒక్క పదం పక్కకు జరగగానే పెట్టుబడి తక్కువైన యజమాని కథ వేరే సరుకు కథ అయిపోతుంది.

కనుక ముందు విగ్రహం చెప్పుకోవాలి. ఏ రెండు పదాలు మొదట తమలో తాము కలుస్తాయో తేల్చుకొని, ఆ రెంటి నడుమ గీత పెట్టాలి.

శతాబ్దాల పేర్లలో మన వాళ్ళు చేసే పొరపాటు దీనికి దగ్గరిదే. “ఇన్ ద ట్వంటీయెత్ సెంచురీ” అన్నప్పుడు అది నామవాచకం, హైఫన్ అక్కరలేదు. “ట్వంటీయెత్-సెంచురీ తెలుగు పోయెట్రీ” అన్నప్పుడు అది విశేషణం, హైఫన్ కావాలి. రెండు శతాబ్దాలను కలిపి చెబితే “నైన్టీన్త్- అండ్ ట్వంటీయెత్-సెంచురీ” అని మొదటి గీతను గాలిలో వేలాడనివ్వాలి. చూపుకు వింతగా ఉన్నా అదే ఒప్పు.

5. అక్కరలేని గీతలు:
“న్యూలీ డిస్కవర్డ్ ఇన్‌స్క్రిప్షన్” వంటి చోట్ల హైఫన్ పెట్టరు. తెలుగులో ‘కొత్తగా దొరికిన శాసనం’ అన్నప్పుడు ‘-గా’ ఉన్న పదం శాసనాన్ని కాక దొరకడాన్నే విశేషిస్తుందని తెలిసిపోతుంది. ఆంగ్లంలో క్రియావిశేషణపు ‘-లీ’ ఆ పనే చేస్తుంది, గీతకు పని లేదు. (‘ఫ్రెండ్లీ’ వంటివి ‘-లీ’తో ముగిసినా విశేషణాలే, వాటికి ఈ నియమం వర్తించదు.) “షార్ట్ స్టోరీ రైటర్” వంటి స్థిరపడిన జంటలను కూడా చాలామంది గీత లేకుండానే రాస్తారు. “సౌత్ ఇండియన్ లిటరేచర్” వంటి సంజ్ఞాపదాలలో పెద్దక్షరాలే పదాలను కట్టి ఉంచుతాయి. చికాగో శైలీగ్రంథంలో ఇటువంటి వివరాలకు పొడవైన పట్టికే ఉంది. అనుమానం వచ్చినప్పుడు దాన్ని చూసుకోవచ్చు.

మన శీర్షికల అలవాటు ఒకటి మాత్రం మానుకోదగినది. తెలుగులో ‘తాండూరు ప్రాంత జానపద గేయాలు - పరిశీలన’ అని రాస్తాం. ఇక్కడి గీత రెండు భాగాలను విడదీస్తుంది. దాన్నే ఆంగ్లంలోకి మార్చి “ఫోక్ సాంగ్స్ ఆఫ్ తాండూర్ రీజియన్-ఎ స్టడీ” అని ఖాళీ లేకుండా టైపు చేస్తే, విడదీయవలసిన గీత కలిపే గీత అవుతుంది. ‘రీజియన్-ఎ’ అనే అర్థం లేని సమాసం పుడుతుంది. అక్కడ కావలసింది కోలన్. “ఎ స్టడీ ఆఫ్” అని ముందే ప్రారంభిస్తే అదీ అక్కరలేదు. విశ్వవిద్యాలయానికి శీర్షిక పంపేముందు ఈ ఒక్క గీతనైనా పర్యవేక్షకులు సరిచూడాలి. ఒకసారి నమోదైన శీర్షికను మార్చుకోవాలంటే ఎన్ని దరఖాస్తులు, ఎన్ని సంతకాలు కావాలో పరిశోధకులకు వేరే చెప్పనక్కరలేదు.