అయిదు మాత్రల పిలుపు

ముప్పదియేండ్లు పిల్లలకు గురులఘువులు నేర్పిన నాకు అవి యొక అమెరికా టెలివిజను వరుసలో వినబడినపుడు మిక్కిలి యాశ్చర్యము కలిగెను.

ఆ వరుస కట్టిన లాలో షిఫ్రిన్ 1932లో దక్షిణ అమెరికాయందలి అర్జెంటీనా రాజధానియగు బ్యూనస్ ఎయిరిస్‌లో, వయొలిను విద్వాంసుని యింట జన్మించెను. పారిసునకు బోయి పగలు శాస్త్రీయసంగీతము నభ్యసించుచు, రాత్రులు అమెరికా నల్లజాతివారు సృజించిన జాజ్ వాయించుచుండెను. నే నాతని గురువునైనచో రెండు పడవలపై కాళ్లు వలదని మందలించి యుందును!

1956లో డిజ్జీ గిలెస్పీ యను బాకావిద్వాంసుడు బ్యూనస్ ఎయిరిస్‌కు వచ్చి, యతని వాద్యము విని అమెరికాకు రమ్మనెను. 1958లో న్యూయార్కు చేరి, 1960లో ఆయన మేళమున పియానో వాయించి, పిదప హాలివుడ్డునకు బోయెను.

సినిమాకు టిక్కెట్టు కొన్నవాడు కూర్చుండి వినును. టెలివిజను ఇంటిలోనిది, చూచువాడు వంటింటికి లేచిపోవచ్చును. కావున కథకు ముందు వచ్చు వరుస నిమిషములోపల నాతనిని వెనుకకు పిలువవలెను. 1966లో ‘మిషన్ ఇంపాసిబుల్’ ధారావాహికకు షిఫ్రిన్ కట్టినది యట్టిదే. అచటి వరుసలు పెక్కులు నాలుగేసి మాత్రల నడకవి. ఇది మన ఖండజాతివలె అయిదింటిది. మొదట రెండు గురువులు, పిదప రెండు లఘువులు. మన ఛందస్సున గురువునకు రెండు మాత్రలు; ఇచట ఒకటిన్నరయే. తొడపై తట్టి చూడుడు. నాలుగింటి కలవాటుపడిన చెవి తొట్రుపడి మరల వినును. తంతిలిపిలో రెండు గీతలు ‘ఎమ్’, రెండు చుక్కలు ‘ఐ’. ఆ పేరి తొలి యక్షరములు నవియే!

పెద్ద కృతులెన్ని రచించినను లోకమాతని నెఱిగినది ముఖ్యముగా ఆ నిమిషము చేతనే. 2018లో ఆస్కారు గౌరవ పురస్కార మొసగిరి, 2025లో గతించెను. మా మనుమడు ఆ వరుసకు తాళము వేయబోయి యిప్పటికిని తప్పుచున్నాడు.