పెరటి తోటల సంఘము - నెలకొక అతిథి

గోదావరి డెల్టా గ్రామములలో పెరడు లేని ఇల్లు అరుదు. నాలుగు కొబ్బరి చెట్లు, నూతి పక్కన అరటి, కరివేప, ములగ, పందిరి మీద ఆనపో బీరో ఎంత చిన్న పెరటిలోనైనను కనిపించును. ఇంత ఉండియు ఆ పెరటిని గురించి ఒకరిని అడిగి తెలిసికొను అలవాటు మనకు తక్కువ. వరిచేనికి తెగులు సోకినచో ఆ పూటే సలహా కొరకు పరుగెత్తెదము. పెరటి జామకాయలో పురుగు పడినచో కాయ అవతల పారవేసి ఊరకుందుము. ఒక్కసారి మీ పెరటిలోనికి వెళ్లి, ఏడాదిలో అక్కడినుండి ఇంటికి వచ్చు కాయ, కూర, ఆకు, కమ్మ అన్నియు లెక్క వేసి చూడుడు. అది చిన్న కమతమేమీ కాదు.

మా వీధిలో 2018వ సంవత్సరమున ఇరువది ఇండ్లవారము కలిసి ఒక పెరటి తోటల సంఘము పెట్టుకొంటిమి. దానికి రిజిస్ట్రేషను లేదు, బోర్డు లేదు, చందా లేదు. నెలకొకసారి ఒకరి పెరటిలో కూడుట, ఒక్కొక్క విషయము తెలిసిన వారిని పిలిచి వారు చెప్పునది వినుట, ఇదే దాని పని. మీ గ్రామములో ఇట్టి సంఘము పెట్టదలచినచో మేము చేసిన తప్పులు మీరు చేయకుండుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఇది క్రొత్త ఊహ కాదు. విలియం కేరీ 1820లోనే కలకత్తాలో వ్యవసాయ, ఉద్యాన సంఘమును స్థాపించినారు. మద్రాసులో అట్టిదే 1835లో ఏర్పడినది. అవి పెద్ద పట్టణములలో పెద్దవారి సంఘములు. మనకు పనికివచ్చు ఉదాహరణ మరొకటి కలదు. 1956లో యునెస్కో సహాయముతో ఆకాశవాణి పూనా చుట్టుపట్ల 150 గ్రామములలో రేడియో గ్రామీణ గోష్ఠులు నడిపినది. ఒక్కొక్క గ్రామములో పదిహేను ఇరువది మంది కూడి, రేడియోలో వ్యవసాయ ప్రసంగము విని, దానిపై చర్చించి, తమ సందేహములను రేడియో కేంద్రమునకు వ్రాసి పంపెడివారు. వాటికి మరల రేడియోలోనే జవాబులు వచ్చెడివి. రేడియో ఉండియు గోష్ఠి లేని గ్రామముల వారికంటె గోష్ఠిలో కూర్చున్నవారు చాల ఎక్కువ నేర్చుకొనిరని పిదప జరిపిన పరిశీలనలో తేలినది. రేడియో అదే, ప్రసంగము అదే. తేడా అంతయు విన్నదానిని గురించి పదిమంది మాట్లాడుకొనుటలో ఉన్నది. ఈ సంగతి మాకు మొదట తెలియదు. తెలిసికొనుటకు ఒక వేసవి పట్టినది.

సమావేశమునకు రోజు ఏర్పరచుకొనుటలో కూడ కొంత చిక్కు వచ్చినది. ఆదివారము అనుకొంటిమి గాని ఆదివారము పెళ్లిండ్లు, ప్రయాణములు. చివరకు అమావాస్య నాడు అని నిర్ణయించితిమి. ఆనాడు మా వైపు అరక కట్టరు, కూలిపని పెట్టుకొనరు. సాయంకాలము ఆరు గంటలకు మొదలు పెట్టగా, తిరిగి పోవునప్పుడు చీకటి, దారిలో పురుగు పుట్ర అని ఆడవారు రాక మానివేసినారు. పెరటి పనిలో సగము వారిదే గదా! వారు లేని సమావేశము దేనికి? అందుచేత వేళను నాలుగు గంటలకు మార్చితిమి. అప్పటినుండి వచ్చువారిలో సగమునకు పైగా వారే.

మొదటి నెలలు సుఖముగా జరిగినవి. కడియము నర్సరీలలో పనిచేసిన ఒకాయన వచ్చి జామకొమ్మకు గాలి అంటు కట్టుట చూపినారు. కొమ్మ బెరడును అంగుళము వెడల్పున ఉంగరమువలె తీసి, తడి కొబ్బరి పీచు చుట్టి, పాలిథీను కాగితముతో గట్టిగా కట్టుట చేతితో చేసి చూపినప్పుడు పిల్లలు కూడ నేర్చుకొన్నారు. ఉద్యాన శాఖ ఉద్యోగి ఒకరు, నీటిపారుదల తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వచ్చినారు. విన్నాము, చప్పట్లు కొట్టినాము, బొండములు త్రాగి ఇండ్లకు పోయినాము. ఎవరు ఏమి ఆచరించిరో అడిగినవారు లేరు.

తెల్లదోమ వచ్చిన వేసవి

2019 వేసవిలో మా కొబ్బరి చెట్లకు సర్పిలాకార తెల్లదోమ సోకినది. ఈ పురుగు మన దేశములో మొట్టమొదట 2016లో తమిళనాడులోని పొల్లాచి ప్రాంతమున కనిపించి, తరువాత మన తీరమునకు వ్యాపించినది. ఇది ఆకు అడుగున మెలికలు మెలికలుగా గ్రుడ్లు పెట్టి, వాటిపై తెల్లని మైనపు పొడి కప్పును. పిల్లపురుగులు రసము పీల్చి తేనెవంటి జిగురును విసర్జించును. ఆ జిగురు క్రింది ఆకులపై పడి, దానిపై నల్లని మసి బూజు పెరుగును. కొబ్బరి ఒక్కటే కాదు, అరటి, జామ, సపోటా, మామిడి కూడ దీనికి ఆశ్రయములే. కనుక ఇది ఒక ఇంటి పురుగు కాదు, వీధి పురుగు.

మసిబారిన ఆకులు చూచి అందరికిని భయము వేసినది. ఆ నెల అతిథిగా మా సభ్యులలో ఒకరు మందుల వ్యాపారి నొకరిని పిలిచినారు. ఆయన ఒక మందు పేరు చెప్పి, పవర్ స్ప్రేయరుతో కొట్టినచో పది దినములలో చెట్టు శుభ్రపడునని నమ్మకముగా చెప్పినారు. సీసాలు కూడ వెంట తెచ్చినారు. ఎవరును ఒక్క ప్రశ్న వేయలేదు. ఏడు ఇండ్లవారు అక్కడికక్కడే కొన్నారు. ఆ ఏడింటిలో మా ఇల్లు ఒకటి.

నలుబది అడుగుల చెట్టుకు క్రిందనుండి కొట్టిన మందు చెట్టుకు ఎంత పట్టినదో గాని, గాలికి పక్క పెరళ్లపై తుంపరగా పడినది. మా పక్కింటి మామ్మగారి గోంగూర మడి, కరివేప, మూతలేని నుయ్యి అన్నియు దాని క్రిందనే. ఆమె కొన్ని వారములపాటు ఆ ఆకు కోయలేదు, ఆ నీరు త్రాగలేదు. మూడు వారములు గడిచెను. మందు కొట్టిన చెట్లపై తెల్లదోమ మరల వచ్చినది, మందు కొట్టని చెట్లమీదకంటె దట్టముగా వచ్చినది.

తరువాతి అమావాస్యకు ఒక ఉద్యాన శాస్త్రవేత్తను రప్పించితిమి. ఈసారి ఉపన్యాసము మొదలు పెట్టకముందే మామ్మగారు లేచి అడిగినారు: "మందు కొట్టినోళ్ల చెట్లకే ఎక్కువెందుకొచ్చింది బాబూ? ముందు అది చెప్పండి." శాస్త్రవేత్త తాను వ్రాసి తెచ్చిన కాగితము మడిచి జేబులో పెట్టుకొన్నారు. మందు కొట్టిన చెట్టునుండి ఒక ఆకు, కొట్టని చెట్టునుండి ఒక ఆకు కోయించి, భూతద్దము అందరి చేతికిని ఇచ్చినారు.

కొట్టని చెట్టు ఆకుపై తెల్లదోమ పిల్లలలో చాల భాగము నల్లగా ఉన్నవి. ఎన్‌కార్సియా అను మిక్కిలి చిన్న కందిరీగ జాతి పురుగు వాటిలో గ్రుడ్డు పెట్టుటచే అవి నల్లబడి చచ్చునని ఆయన చెప్పినారు. మందు కొట్టిన చెట్టు ఆకుపై అట్టి నల్లనివి వెదకి వెదకి రెండు చూచితిమి. మేము డబ్బిచ్చి కొన్న మందు మొదట చంపినది ఆ మిత్రపురుగును. మైనపు పొడి చాటున దాగిన తెల్లదోమ గ్రుడ్లు, పిల్లలు కొన్ని మిగిలిపోగా వాటికి అడ్డము లేకపోయినది.

"మరి చెట్టు చచ్చిపోతుంటే చూస్తూ కూర్చోమంటారా?" అని మరొకరు అడిగినారు. తెల్లదోమ వలన కొబ్బరి చెట్టు సాధారణముగా చావదు, బలము తగ్గును, కాపు కొంత దెబ్బతినును అని ఆయన సమాధానము. చేయవలసినవి కూడ చెప్పినారు. చిన్న చెట్లకు ఆకు అడుగు తగులునట్లు నీటిని జోరుగా కొట్టి కడుగవలెను. మసి బూజు పట్టిన ఆకులపై నూటికి ఒక పాలు గంజిపొడి కలిపిన నీటిని చల్లినచో అది ఎండి పొరగా రాలునప్పుడు మసి కూడ ఊడివచ్చును. పసుపు పచ్చని అట్టలకు జిగురు పూసి చెట్లకు కట్టవలెను. తప్పనిసరి అయినచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి అందినంతవరకు చల్లవచ్చును. రసాయన మందు మాత్రము వద్దు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానమున మిత్రపురుగులను, తెల్లదోమను చంపు శిలీంధ్రమును పెంచు ప్రయోగశాల కలదనియు, అక్కడ విచారింపవచ్చుననియు చెప్పినారు.

ఒక ఇంటివారు పాటించి, పక్కవారు మందు కొట్టినచో ప్రయోజనము లేదు. కనుక ఆనాడు చప్పట్లతో లేవక, ఒక్కొక్క ఇంటివారిని అడిగి, ఈ వేసవి మందు కొట్టము అని పుస్తకములో వ్రాయించితిమి. పదునెనిమిది ఇండ్లవారు ఒప్పుకొన్నారు. ఇద్దరు ఒప్పుకొనలేదు. వారిని ఎవరును నిష్ఠురమాడలేదు. మందుకు డబ్బు పెట్టినవారి బాధ మాకును తెలుసు.

దింపు తీయు అతని ప్రసంగము

ఆ సంవత్సరము అందరికంటె మేలైన ప్రసంగము చేసినది శాస్త్రవేత్త కాదు. మా వీధి చెట్లన్నింటికి దింపు తీయు అతను. పిలిచినప్పుడు మొగమాటపడి, "ఆయ్, నేనేం చెప్తానండీ, నాకేం తెలుసండీ" అన్నాడు. కుర్చీలో కూర్చుండబెట్టి, చెట్టుపైన ఏమి చూచితివో చెప్పుమంటిమి. రెండు నెలలకొకసారి ప్రతి చెట్టు మొవ్వు వరకు పోవు మనిషి అతడొక్కడే గదా! ఏ ఇంటి చెట్టుకు మొదట అడుగు కమ్మలు తెల్లబడినవో, ఏ మొవ్వులో కొమ్ము పురుగు తొలిచిన రంధ్రమున్నదో, ఏ చెట్టు పూత రాల్చుచున్నదో చెట్టు చెట్టుకు చెప్పినాడు. మేము క్రిందనుండి ఏండ్ల తరబడి చూడనిది అరగంటలో తెలిసినది.

అప్పటినుండి అతను ప్రతి దింపుకు ఒక లెక్క చెప్పును. ఆరోగ్యముగా కాయు కొబ్బరి చెట్టు ఇంచుమించు నెలకొక ఆకు వేయును, తలపై ముప్పది ఆకుల వరకు నిలుపును. అందులో అడుగునుండి ఎన్ని తెల్లబడినవి, ఎన్ని శుభ్రముగా ఉన్నవి అని ఇంటి పేరు కింద వ్రాసికొందుము. 2019 వానలు వెనుకబట్టు నాటికి ఆ లెక్క చాల తగ్గినది. గట్టి వానలకు తెల్లదోమ కొట్టుకొనిపోవును గనుక, వాన చేసినదెంత, మిత్రపురుగు చేసినదెంత అని విడదీసి నేను చెప్పజాలను. మరుసటి వేసవికి పురుగు మరల కనిపించినది గాని మొదటి ఏటి భయము లేదు. ఒప్పుకొనని ఇద్దరిలో ఒకరు అప్పుడు వచ్చి పుస్తకములో వ్రాయించినారు. 2020లో కరోనా వలన కొన్ని నెలలు కూడలేకపోయితిమి. ఆ నెలలలో కూడ లెక్క మాత్రము ఆగలేదు.

ఇప్పుడు మా పద్ధతి ఇది. అతిథిని పిలుచుటకు ముందు నెలలోనే ప్రశ్నలు పోగుచేసి ఆయనకు పంపెదము. ప్రసంగము అరగంట మించరాదు, మిగిలిన గంట ప్రశ్నలకు. తరువాతి నెల మొదటి పని, ఎవరు ఏమి చేసిరి, ఏమైనది అని అడుగుట. ఇది మానినచో సంఘము హరికథ వినుటకు కూడినట్లే అగును. వ్యాపారులను పిలువరాదని కాదు, వారికి తెలిసినది చాల ఉండును. వారు వచ్చిన నాడు అమ్మకము మాత్రము ఉండరాదు. ఒక వారము ఆగి కొనదలచినవారు అంగడికి పోయి కొనవచ్చును.

మరొక జాగ్రత్త. తెగులు సోకిన ఆకును చూపుటకు తెచ్చునప్పుడు చేతిలో ఊపుకొనుచు తేకుడు. పాలిథీను సంచిలో పెట్టి మూతి బిగించి తెండు, పని అయిన పిదప కాల్చివేయుడు. లేనిచో పురుగు మీ వీధి అంతటికిని సభ్యత్వము తీసికొనును. నర్సరీ నుండి తెచ్చిన మొక్కలను కూడ ఆకు అడుగు తిరుగవేసి చూచిన తరువాతనే పెరటిలో నాటుడు.

గ్రామ అధికారులకు ఒక మనవి. ఇట్టి సంఘములకు మీరు అధ్యక్షులు కానక్కరలేదు. రైతు సేవా కేంద్రములోని గ్రామ ఉద్యాన సహాయకుని ఆ ఒక్క సాయంకాలము వచ్చునట్లు చూడుడు, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రమునకు సంఘము పక్షమున ఉత్తరము వ్రాసి పెట్టుడు. పంచాయతీ తరఫున ఒక మంచి భూతద్దము కొని ఇచ్చినచో అంతకుమించిన సహాయము లేదు. మా భూతద్దమునకు పిడి విరిగి ఏడాదియైనది.

రైతు సోదరులారా, సంఘము పెట్టుటకు ఇరువది ఇండ్లు కూడువరకు ఆగనక్కరలేదు. గోడలు కలిసిన నాలుగు ఇండ్లవారు చాలును. మొదటి అతిథి కొరకు పట్టణమునకు పోకుడు. మీ చెట్లకు దింపు తీయు అతడు ఈసారి వచ్చినప్పుడు, కాయలు లెక్కించి పంపివేయక, అరుగుపై కూర్చుండబెట్టి పైన ఏమున్నదో అడుగుడు. పక్కన ఒక పుస్తకము, పెన్సిలు ఉంచుకొనుడు.